దొరసాని కుక్క పుట్టినరోజు

కుక్కకు పుట్టినరోజు చేస్తారని మొదటిసారి విన్నప్పుడు నేను పడీపడీ నవ్వాను. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఆ సంగతి ఎప్పుడు గుర్తొచ్చినా ఒళ్ళు మండడమే తప్ప నవ్వు రాలేదు. ఎందుకో చెబుతాను.

అది పోలీసు చర్యకు ముందటి ఎండాకాలం. నానక్‌రామ్‌గూడకు కూతవేటు దూరంలో ఉన్న చిన్న ఊరికి నేను కోడలిగా వెళ్ళి ఎంతో కాలం కాలేదు. ఇప్పుడక్కడ మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూసినా చివర కనిపించని భవనాలు లేచాయి. అప్పుడు బండలు, తుమ్మచెట్లు, ఎండిన గడ్డి, వాటి మధ్య మా గొర్రెలు. మాది కురుమల ఇల్లు. ఇంట్లో మామ, నా భర్త, నేను. అత్త నా పెళ్ళికి ముందే పోయింది. నాకు రాయడం చాలా ఏళ్ళ తర్వాత, నా కొడుకు బడి నుంచి వచ్చి పలక ముందేసుకున్నప్పుడు వాడి పక్కన కూర్చుంటే వచ్చింది. ఎవరి దయాధర్మమూ కాదు. అందుకని దొరల గురించి రాయడానికి నేనెవరినీ అడగనక్కర్లేదు.

మా మందకు ఒక కుక్క ఉండేది. మట్టిరంగు, చీలిన చెవి. దాన్ని మామ పిల్లప్పుడే తెచ్చి, ఈనిన గొర్రె దగ్గర పడుకోబెట్టి, ఆ గొర్రె పాలే పట్టి పెంచాడు. మా వాళ్ళు మంద కుక్కను అలాగే పెంచుతారు. గొర్రెలు తన వాళ్ళే అనుకుని పెరగాలి అది. పెద్దయ్యాక దాని తిండి జొన్న రవ్వ ఉడికించిన గటుక, చల్ల. అంతే. మాంసం ముక్క కాదుగదా, నాకిన ఎముక కూడా దాని దగ్గరికి రాకూడదు. ఈతల కాలంలో గొర్రె ఈనుతుంటే నెత్తుటి వాసన మంద నిండా ఉంటుంది. మాంసం రుచి తెలిసిన కుక్క అప్పుడు పుట్టిన పిల్లను పిల్ల అనుకోదని మా వాళ్ళ భయం. అందుకే ఒక్కసారి కూర, అంటే మాంసం, తిన్న కుక్కను మళ్ళీ మందలో ఉంచరు, ఊరు దాటిస్తారు. ఇది మా కులం కట్టు. ఆ కట్టు నిలబెట్టే కులపెద్ద మా మామే. ఒకరింట్లో పండగనాడు పిల్లలు ముచ్చటపడి కుక్కకు ఎముక వేస్తే, దాన్ని వెళ్ళగొట్టేదాకా మామ ఆ గడపలో మంచినీళ్ళు ముట్టలేదు. అంత పట్టింపు మనిషి.

ఇక దొరసాని సంగతి. ఆమె తెల్లవాళ్ళ దండు ఉండే లష్కరుకు వెళ్ళి, అక్కడ ఎవరో తెల్లదొరసాని తన కుక్కకు పుట్టినరోజు చేస్తే చూసి వచ్చిందట. కుక్కలున్న వాళ్ళందరూ కుక్కలను వెంటబెట్టుకుని వచ్చారట, కుక్కలూ మనుషులూ కలిసి తిన్నారట. ఈమెకు కూడా ఒడిలో పట్టేంత తెల్లటి బొచ్చుకుక్క ఒకటుంది. దానికి అంతకంటే గొప్పగా చెయ్యాలని పట్టుబట్టింది. పట్నం నుంచి చుట్టాలూ స్నేహితులూ కుక్కలతో వస్తారు. అంతవరకు వాళ్ళ చావు వాళ్ళు చచ్చినా పోయేది. ముంగిలి నిండుగా కనబడాలని, ఊళ్ళో కుక్కలున్న ప్రతి ఇంటివాళ్ళూ తమ కుక్కను కడిగి గడీకి తీసుకురావాలని హుకుం. ఆ ఏడు జొన్నలు సరిగ్గా పండలేదు. జనం అంబలికి గింజలు వెదుక్కుంటుంటే గడీ గుమాస్తా వీధి వీధి తిరిగి కుక్కలను లెక్కపెట్టుకున్నాడు. వాడి మొహం మండ!

ఆ వారమంతా గడీలో వెట్టి మా ఆడవాళ్ళదే. ముంగిలి అలకడం, సున్నం వెయ్యడం, కుండలు మొయ్యడం. నేను పేడ కలుపుతుంటే దొరసాని ఉయ్యాల బల్ల మీద కూర్చుని అడిగింది, "ఏమే పిల్లా, ఊర్ల కుక్కలన్ని ఒక్కకాడ కూసుంటయా, కొట్లాడ్తయా?"

మిగతావాళ్ళు తలలు వంచుకున్నారు. కుక్కల గురించి అడిగితే నేను నోరు మూసుకోలేను.

"కొట్లాడక ఉంటయా అమ్మా? చాకలోళ్ళ నల్లదానికి, వడ్లోళ్ళ కుక్కకు పడదు. గవి రెండు ఎదురెదురుగ ఉండొద్దు. పిల్లల తల్లి ఉంటే మూలకు కట్టాలె," అన్నాను.

ఆమెకు అది భలే నచ్చింది. ఇక రోజూ నన్నే పిలిచేది. ఏ కుక్క ఎక్కడ, తాడు ఎంత పొడుగు, నీళ్ళకుండ ఎక్కడ, అన్నీ నాతో మాట్లాడేది. నేను నేల మీద బొగ్గుతో గీతలు గీసి చూపించేదాన్ని. ఆ ఏర్పాటులో నాకూ కొంచెం హుషారు వచ్చిన మాట నిజం. ఒక పెద్దింటి మనిషి నా మాట వింటోంది గదా అని.

అప్పుడు గుమాస్తా వచ్చి నా గీతలన్నీ కాలితో చెరిపేశాడు. "గట్ల ఎట్ల కూసోబెడ్తరు? ఎవలు ఎవల పక్కకు కూసుంటరో సూడొద్దా? మాలమాదిగలు దర్వాజ అవతలనే కూసుంటరు. వాళ్ళ కుక్కలు గూడ అవతలనే."

"కుక్కలకు గూడ కులముంటదా?" అన్నాను.

"కుక్కకు లేదే. దాన్ని పట్టుకొచ్చెటోనికి ఉంటది."

దొరసాని దానికీ తల ఊపింది. మళ్ళీ బొగ్గు తీసుకుని కొత్తగా గీశాం. ఆ రోజు నా హుషారు చచ్చింది.

తిండి సంగతి వచ్చినప్పుడు మాత్రం నేను గట్టిగా నిలబడ్డాను. పట్నం కుక్కలకు మాంసం, మనుషులకు బిర్యానీ, అందరికీ లష్కరు నుంచి తెప్పించిన తియ్యటి కేకు. ఊరి కుక్కలకు కూడా మిగిలిన మాంసం వేద్దామని దొరసాని అంది. నేను పేడ చేతులతోనే లేచి దగ్గరికి వెళ్ళాను.

"అమ్మా, మీ కాళ్ళు మొక్కుత. మాది మంద కుక్క. కూర తింటే మళ్ళ మందల ఉంచం. ఊరి కుక్కలన్నిటికి గటుక చేపిస్త, చల్ల పోస్త, జర బెల్లం కలుపుత. అన్నిటికి గదే పెట్టుండ్రి."

ఎందుకని అడిగింది. ఈతల సంగతి, నెత్తుటి వాసన సంగతి, కులం కట్టు సంగతి అన్నీ విడమరిచి చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది. "సరే తియ్యే, గట్లనే కానియ్. ఫికర్ చెయ్యకు," అంది. ఇంటికొచ్చి మామకు చెబితే ఆయన కూడా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ మర్నాడే గుమాస్తా వచ్చి విందుకని మా మందలోంచి మంచి పొట్టేలును ఏరుకుని తోలుకుపోయాడు. అది మామూలే. దొర ఇంట్లో ఏ విందు జరిగినా కురుమ ఇంటి నుంచి పొట్టేలు పోవలసిందే, ఎదురడిగే దిక్కు లేదు. మా కుక్క ఆ పొట్టేలు వెంట గడీ దాకా వెళ్ళి, తలుపు వేసేస్తే తిరిగొచ్చింది.

పుట్టినరోజు నాడు మోటార్లు వచ్చాయి. పట్నం కుక్కలకు మెడలో గొలుసులు, వాటి ముందు ఇత్తడి తాంబాళాలు. ఊరి కుక్కలకు మోదుగాకు విస్తర్లు. ఎండలో మేము ఒక్కొక్కరం మా కుక్క తాడు పట్టుకుని కింద కూర్చున్నాం. మామా నేనూ వెళ్ళాం, నా భర్త మంద దగ్గర ఉన్నాడు. దొరసాని బొచ్చుకుక్క కాలు కత్తి మీద పెట్టి కేకు కోయించింది. పట్నం వాళ్ళు చప్పట్లు కొట్టారు. గుమాస్తా మా వైపు తిరిగి కొట్టండని సైగ చేశాడు, మేమూ కొట్టాం. మా మామ పుట్టిన రోజేదో మామకే తెలియదు. ఆయన ఒక కుక్క పుట్టినందుకు చప్పట్లు కొట్టాడు.

గటుక వడ్డించారు. ఊరి కుక్కలు నాలుకలతో జుర్రుకుంటున్నాయి. అంతా సజావుగా పోతోంది. అప్పుడు పొడుగు టోపీ పెట్టుకున్న అతిథి ఒకడు మా విస్తర్లలోకి తొంగి చూసి, దొర వైపు తిరిగి నవ్వాడు. ఈ పేద కుక్కలకు ఈ పిండేనా, ఇంత గొప్ప విందులో వీటికి ముక్క లేదా అని ఉర్దూలో అడిగాడు. ఏదో సరదాకే అన్నాడు. కానీ నలుగురూ నవ్వేసరికి దొరకు తల కొట్టేసినట్టయింది.

"గుమాస్తా! నా గడీకొచ్చిన కుక్కకు గటుక పెడ్తవారా? నా ఇజ్జత్ తీస్తున్నవా? కూర తే. అన్నిటికి పెట్టు!"

 గబగబా దొరసాని వైపు చూశాను. ఆమె నన్ను చూసి, చూడనట్టు తల తిప్పుకుని తన కుక్క మెడలో రిబ్బను సర్దుకుంది.

కూర వచ్చింది. మా పొట్టేలు కూరే. ఊరి కుక్కలన్నీ ఎగబడ్డాయి. మా కుక్క ముక్కు దగ్గరికి తెచ్చి, వాసన చూసి, వెనక్కి జరిగి కూర్చుంది. గుమాస్తా విస్తరిని ముందుకు తోశాడు. అది మామ మొహంలోకి చూసింది. మామ కళ్ళతోనే వద్దన్నాడు. నాకైతే దాన్ని ఎత్తుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. బంగారు తల్లి!

అది తినకపోవడం పట్నం వాళ్ళకు వింత అయింది. చుట్టూ చేరారు. దొర మొదట నవ్వాడు, తర్వాత నవ్వడం మానేశాడు.

"ఏరా, నీ కుక్కకు నా ఇంటి కూర రుచిస్తలేదా? నువ్వు పెట్టు."

మామ లేచి చేతులు కట్టుకున్నాడు. "బాంచెన్ దొరా, అది మంద కుక్క. కూర తినొద్దు."

"తినొద్దని ఎవడు చెప్పిండు?"

"మా కులం కట్టు దొరా."

"నీ కులం కట్టు నా గడీలనా?"

నేనిక ఆగలేకపోయాను. "దొరా, దొరసానమ్మకు ముందుగాలనే చెప్పినం. అమ్మ ఒప్పుకున్నది," అన్నాను.

అందరూ దొరసాని వైపు చూశారు. ఆమె ఎదుట కూర్చుని రోజుల తరబడి నేల మీద గీసిన గీతలు ఇంకా నా వేళ్ళకు మసిగా ఉన్నాయి. ఆమె ఏమందో తెలుసా? "నాకేం యాదికి లేదు," అంది. అంత సులువుగా అనేసింది. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఒక్క మాట, ఒకే ఒక్క మాట చెబితే ఆ మనిషికి ఏం పోయేది? మొగుడి ముందు, చుట్టాల ముందు ఓ కురుమ పిల్ల మాట నిజమని ఒప్పుకోవడం ఆమెకు అంత నామోషీ అయింది.

గుమాస్తా వచ్చి మామ వెనక నిలబడ్డాడు. గడీ వెనక గదిలోకి తీసుకుపోయి కొడితే మనిషి మళ్ళీ నడవడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఊళ్ళో అందరికీ తెలుసు. మామ కిందికి వంగాడు. ఒక ముక్క తీసి అరచేతిలో పెట్టుకుని కుక్క ముందు చాపాడు.

అది మామ చేతిని చూసింది, మామ మొహాన్ని చూసింది. మామ కళ్ళు మూసుకున్నాడు. తిన్నది. మామ చేతిలోది కాబట్టి తిన్నది. తోక కూడా ఊపింది. పట్నం వాళ్ళు చప్పట్లు కొట్టారు. దొర, "పెట్టు, ఇంక పెట్టు," అంటూ విస్తరి ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు.

 ఇంటికి రాగానే మామ కుక్కను మంద వైపు పోనివ్వకుండా పెరట్లో గుంజకు కట్టేశాడు. నాకు అర్థమైంది.

"దాన్ని వెళ్ళగొడ్తవా?"

"రుచి తెల్సింది బిడ్డా."

"తిన్నది దాని తప్పా? అది వద్దన్నది. దానికున్న బుద్ధి అక్కడ ఒక్క మనిషికి లేదు."

"తప్పెవలదని కాదు. ఒగలింటి కుక్కను నేనే వెళ్ళగొట్టిచ్చిన. నాది నేను పెట్టుకుంట అంటే కులం నా మొకాన ఉమ్మెయ్యదా?"

నేను ఏడ్చాను, అరిచాను, అన్నం వండనన్నాను. ఏమీ లాభం లేకపోయింది. పొద్దున్నే మామ దాన్ని గడీకి తీసుకుపోయి, "మీరు తినిపిచ్చిన్రు దొరా, ఇగ మీరే సాదుకోండ్రి," అన్నాడు. ఆయన తన జన్మలో దొర ముందు చూపించిన కోపం అంతే. ఆ కోపం కూడా వాళ్ళకు అంటలేదు. దొరసాని సంబరపడి, మా బొచ్చుదానికి పుట్టినరోజు కానుక తెచ్చిండు అందట! వాళ్ళ కళ్ళు పోను, మా మంద కావలిని ఊడబెరికి కానుక అని పేరు పెట్టుకున్నారు.

అది గడీలో ఎవరి చేతిదీ ముట్టలేదు. నాలుగు రోజులకే డొక్కలు బయటపడ్డాయి. కానుక చచ్చిపోతే బాగుండదని దొర మళ్ళీ మామకే కబురు పెట్టాడు, రోజూ వచ్చి నువ్వే తినిపించి పో అని. అదొక కొత్త వెట్టి. ఎండలో, వానలో, మామ గటుక ముంత పట్టుకుని గడీకి పోయి, దానికి చేత్తో తినిపించి, తలుపు మూసి, కుక్కలేని మంద దగ్గరికి వచ్చేవాడు. ఆ వానాకాలంలో తోడేలు మూడుసార్లు పడింది. మా గొర్రెలు పోయాయి. ఎవరినని తిట్టను? తోడేలునా?

ఇంతలో పోలీసు చర్య వచ్చింది. మిలిటరీ వస్తోందని ఊరంతా గగ్గోలు. దొర కుటుంబం మోటారెక్కి పట్నం పారిపోయింది. బొచ్చుకుక్కను దొరసాని ఒడిలో పెట్టుకుంది. దొర తన వేటకుక్కలను వెనక కూర్చోబెట్టాడు. గుమాస్తా కూడా మాయమయ్యాడు. మామ జ్వరంతో పడి ఉన్నాడు, ఆ రోజుల్లో గడీకి పోలేదు. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు ఈ సంగతి చెప్పగానే నేను కడవ అక్కడే వదిలేసి పరుగెత్తాను.

గడీ తలుపులు బార్లా తీసి ఉన్నాయి. మా కుక్క స్తంభానికి కట్టేసి ఉంది. నీళ్ళ చిప్ప ఎండిపోయి ఉంది. ప్రాణం ఉన్న దాన్ని తాడు కూడా విప్పకుండా పోయారు. విప్పడానికి ఎంత సేపు? నేను వాళ్ళ అమ్మనూ అయ్యనూ తిట్టుకుంటూ తాడు విప్పి, నీళ్ళు తాగించి, తిన్నగా మంద దగ్గరికి నడిపించుకుపోయాను.

మామ లేచి వచ్చి దారికి అడ్డం నిలబడ్డాడు. చేతిలో రాయి ఉంది.

"అక్కడనే ఆగు. దాన్ని మందలకు రానియ్య."

"కొట్టు," అన్నాను. "రుచి పెట్టిన చెయ్యి నీదే కద. ముందు ఆ చెయ్యి నరుక్కో, తర్వాత కుక్కను కొడుదువు."

మామతో అలా మాట్లాడిన కోడలు మా కులంలో లేదు. ఆయన రాయి జారవిడిచి పక్కకు తప్పుకున్నాడు. కుక్క నెమ్మదిగా మందలోకి పోయింది. గొర్రెలు బెదరలేదు. నాలుగైదు దగ్గరికొచ్చి వాసన చూసి మళ్ళీ మేతలో పడ్డాయి. గొర్రెలకున్న నమ్మకం మనుషులకు ఉండదు.

కులం వాళ్ళు ఊరుకోలేదు. మామ పెద్దరికం పోయింది, ఆయన వాళ్ళ ముందు తల వంచుకుని ఒక మాట ఒప్పుకుని వచ్చాడు. ఈతల కాలమంతా కుక్క మూతికి గుడ్డ కట్టి ఉంచాలని. తలకు చుట్టుకునే రుమాలులోంచి ఒక పేలిక చింపి దాని మూతికి గట్టిగా కట్టాడు. మూతి కట్టిన కుక్క తోడేలును ఏం చేస్తుంది? అది గుర్రుమంటూ చుట్టూ తిరిగేది, మామ కర్ర పట్టుకుని మేలుకునేవాడు. కట్టేటప్పుడు అది పెనుగులాడేది, కాళ్ళతో గీరుకునేది, మూతి చుట్టూ పుండ్లు పడ్డాయి. నేను చూడలేక ఇంట్లోకి పోయి తలుపేసుకునేదాన్ని. నేను గర్భంతో ఉన్నాను, వాంతులయ్యేదాకా దొరను తిట్టేదాన్ని. ఒక్క పిల్లను కూడా అది ముట్టలేదు. అయినా మామకు నమ్మకం కుదరలేదు.

మరుసటి ఈతల్లో మొదటి గొర్రె నొప్పులు పడుతుంటే నేను నా బిడ్డను చంకనేసుకుని అక్కడే ఉన్నాను. కుక్క ఆ గొర్రె పక్కనే పడుకుని ఉంది. నెత్తుటి వాసన తగలగానే లేచింది. మామ కర్ర పట్టుకున్నాడు. అది గొర్రె వైపు చూడను కూడా చూడలేదు. నేరుగా మామ దగ్గరికి నడిచి వచ్చి, ఆయన ముందు కూర్చుని, కట్టమన్నట్టు మూతి చాపింది.

మామ కర్ర కింద పెట్టి, పేలిక చేతిలోకి తీసుకున్నాడు. కట్టొద్దని నేను అరిచాను. ఆయన కట్టాడు. అది కదలకుండా కట్టించుకుంది.